టైమింగ్ దానంతటది దారి తప్పదు: పాత ఔట్‌బోర్డ్ మోటార్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

హుస్సేన్‌సాగర్‌లో తిరిగే సేఫ్టీ బోట్ల నుంచి సింగూరు, నాగార్జునసాగర్ చేపల పడవల దాకా పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డులు (పడవ వెనక బిగించే మోటార్లు) ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట: “టైమింగ్ పోయినట్టుంది.” టైమింగ్ అంటే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు స్పార్క్ ఏ క్షణంలో పడాలన్న లెక్క. అది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడం ముఖ్యం, పోయి ఉంటే దాన్ని ఏది కదిలించిందో కనిపెట్టడం ఇంకా ముఖ్యం. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగ్గా రాశాం.

సింగూరు జలాశయంలో చేపల పడవకు రెండు సిలిండర్ల పాత 25 హార్స్‌పవర్ మోటారు వాడుతున్నాం. ఫ్లైవీల్ కింద రెండు పాయింట్ సెట్లు (స్పార్క్ కోసం కరెంటు తెంచే స్విచ్చులు) ఉంటాయి. తక్కువ స్పీడులో బాగానే ఉంటుంది, పూర్తి త్రాటిల్ ఇస్తే బరువు లాగదు. మెకానిక్ ఆ పాయింట్లున్న ప్లేటు స్టాపర్ స్క్రూ తిప్పి టైమింగ్ ముందుకు జరిపాడు. ఇప్పుడు తాడు లాగితే ఎదురు తన్నుతోంది, బలం మాత్రం పెరగలేదు. ఏం చేయాలి? (పటాన్‌చెరు నుంచి ఒక పాఠకుడు)

ముందుగా ఆ స్క్రూను పాత చోటికి తెచ్చేయండి, అంతవరకు పూర్తి త్రాటిల్ ఇవ్వకండి. టైమింగ్ వెనకబడితే మోటారుకు బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది. అతిగా ముందుకు జరిగితే పిస్టన్‌కే చిల్లు పడుతుంది. నీళ్ల మీద ఔట్‌బోర్డ్ చప్పుడులో నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం పేలినట్టు మండే టకటక) చెవికి వినపడదు. అది తెలిసేది ప్లగ్గు విప్పినప్పుడే. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య మెరిసే సన్నటి అల్యూమినియం పూసలు ఉంటే పిస్టన్ పైభాగం కరగడం మొదలైనట్టే. రెండు ప్లగ్గులూ విప్పి భూతద్దంతో చూడండి. అలాంటి పూసలు ఉంటే హెడ్ విప్పి పిస్టన్ చూడకుండా మోటారు స్టార్ట్ చేయకండి.

అవి లేకపోతే, టైమింగ్ జోలికి పోకముందు మూడు పరీక్షలు చేయండి. మూడూ కలిపి అరగంట పని.

మొదటిది కంప్రెషన్. మోటారు వెచ్చగా ఉండగా రెండు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు వైర్లను బ్లాకుకు ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో ప్లగ్గు రంధ్రానికి కంప్రెషన్ గేజ్ పెట్టి తాడు నాలుగైదుసార్లు లాగండి. అంకె ఎంత వచ్చిందన్నది రెండో సంగతి, రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. దాటితే రింగులో, హెడ్ గాస్కెట్టో పోయింది, టైమింగ్ ఎంత తిప్పినా లాభం లేదు. ఎర్త్ చేయడం మరిచిపోకండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, పక్కనే స్పార్క్ ఎగిరితే అంటుకుంటుంది.

రెండోది పెట్రోలు. నీళ్ల మీద పూర్తి త్రాటిల్‌లో మోటారు డీలా పడగానే ఒకరు ట్యాంకు పైపు మీది రబ్బరు బల్బు గట్టిగా పిసకాలి. అప్పుడు బలం తిరిగొస్తే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లేదా గాలి లాగుతున్న పైపు చూసుకోవాలి. బల్బుతో మార్పు లేకుండా చోక్ సగం లాగితే తేరుకుందంటే కార్బొరేటర్ మెయిన్ జెట్ మూసుకుంది. ‘టైమింగ్ పోయింది’ అనుకున్న మోటార్లలో చాలావాటి రోగం ఇక్కడే బయటపడుతుంది. బలం తగ్గడం, వేడెక్కడం, పిస్టన్ కాలడం, ఈ లక్షణాలన్నీ పెట్రోలు చాలని మోటారుకూ ఉంటాయి.

మూడోది స్పార్క్. ప్లగ్గును బ్లాకుకు ఆనించి చూసే అలవాటు మానండి. బయటి గాలిలో ప్లగ్గు గ్యాప్ దాటే బలహీనమైన స్పార్క్ కంప్రెషన్‌లో ఆరిపోతుంది. గ్యాప్ మార్చుకునే టెస్టర్ కొనండి, లేదా రెండు మేకులు చెక్కకు బిగించి మీరే చేసుకోండి. పాయింట్ల మోటారైతే కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీని నీలి రంగులో, చిటచిటమంటూ దాటాలి. పసుపు రంగులో బద్ధకంగా దాటితే కాయిల్, కండెన్సర్, పాయింట్లలో ఏదో ఒకటి అలసిపోయింది.

ఈ మూడూ సరిగ్గా ఉంటేనే ఫ్లైవీల్ విప్పాలి. అంచు పట్టి లాగే కాళ్ల పుల్లర్ వాడొద్దు, పైనున్న మూడు మర రంధ్రాల్లో బోల్టులు బిగించే పుల్లరే వాడాలి. సుత్తితో క్రాంక్ కొనమీద కొట్టడం అసలొద్దు. బేరింగులు దెబ్బతింటాయి, ఫ్లైవీల్ లోపల అంటించిన అయస్కాంతాలు ఊడతాయి.

లోపల ముందు చూడాల్సింది పాయింట్ గ్యాప్. ఇలాంటి పాత మోటార్లలో గ్యాప్, టైమింగ్ అని రెండు వేర్వేరు సెట్టింగులు లేవు, గ్యాపే టైమింగ్. గ్యాప్ పెరిగితే పాయింట్ ముందే తెరుచుకుంటుంది, స్పార్క్ ముందుకు జరుగుతుంది. కామ్ (క్రాంక్‌తో తిరుగుతూ పాయింట్లను తెరిచే మెట్ట) మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగితే గ్యాప్ తగ్గి స్పార్క్ వెనకబడుతుంది. మీ మోటారుకు మొదట జరిగింది బహుశా ఇదే. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ పాయింట్ల మోటార్లలో గ్యాప్ 0.020 అంగుళం, అంటే సుమారు 0.5 మిల్లీమీటరు. 0.1 మిల్లీమీటరు తేడా వచ్చినా టైమింగ్ కొన్ని డిగ్రీలు కదిలిపోతుంది.

ఫీలర్ గేజ్‌తో (సన్నటి లోహపు ఆకులతో ఖాళీ కొలిచే పనిముట్టుతో) కొలిచేటప్పుడు చాలామంది ఒకచోట మోసపోతారు. వాడిన పాయింట్లను టార్చి వేసి దగ్గరగా చూడండి. ఒక ముఖం మీద చిన్న గుంట, ఎదురు ముఖం మీద దానికి సరిపడే మొటిమ కనిపిస్తాయి. గేజ్ ఆకు ఆ మొటిమ మీద ఆనుతుంది గానీ గుంటలోకి దిగదు. గేజ్ 0.5 అని చెప్పినా అసలు ఖాళీ అంతకంటే ఎక్కువ ఉంటుంది, టైమింగ్ ముందుకు పోతుంది. కాబట్టి మొటిమ ఉన్న పాయింట్లను మార్చేయండి. కొత్తవి దొరికేదాకా వాడక తప్పకపోతే పాయింట్ ఫైల్‌తో మొటిమ వరకు తీసి, తర్వాత చెప్పే మీటర్ పద్ధతిలోనే సెట్ చేయండి. ఎమరీ కాగితం వద్దు, దాని రేణువులు లోహంలో ఇరుక్కుని కరెంటును అడ్డుకుంటాయి. చివరగా స్పిరిట్‌లో తడిపిన గట్టి తెల్ల కాగితాన్ని పాయింట్ల మధ్య లాగండి, మరక పడనంతవరకు. కొత్త పాయింట్ల మీద కూడా నూనె పూత ఉంటుంది, వాటినీ ఇలాగే తుడవాలి.

మొటిమ త్వరగా పెరుగుతుంటే కండెన్సర్‌ను అనుమానించండి. ఈ తరహా మోటార్లలో అది దాదాపు 0.18 నుంచి 0.22 మైక్రోఫారడ్లు ఉంటుంది. కోఠీలో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది.

ఇక మీటర్ పద్ధతి. పాయింట్ నుంచి కాయిల్, కండెన్సర్ వైర్లు రెండూ విప్పేయండి. ఇది వదిలేస్తే పరీక్షంతా వృథా. కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ ఒక ఓమ్ అటూఇటూ ఉంటుంది కాబట్టి పాయింట్ తెరుచుకున్నా మీటర్ బీప్ ఆపదు. పాయింట్‌కు సన్న వైరు కలిపి ఫ్లైవీల్ అంచు కిందనుంచి బయటికి తీసి, ఫ్లైవీల్‌ను కీతో (క్రాంక్ మీద ఫ్లైవీల్ చోటు చూపే చిన్న లోహపు ముక్కతో) సహా తిరిగి కూర్చోబెట్టండి. ఆ వైరునూ బ్లాకునూ బీప్ కొట్టే సెట్టింగులో ఉన్న మీటర్‌కు కలపండి. త్రాటిల్ పూర్తిగా తిప్పి ప్లేటు ఫుల్ అడ్వాన్స్ (స్పార్క్ అన్నిటికంటే ముందుకు జరిగే) స్టాపర్‌ను తాకేలా ఉంచండి. ఫ్లైవీల్‌ను పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ బీప్ ఆగిన చోట ఒక గీత పెట్టండి. రెండో సిలిండర్‌కూ ఇలాగే. రెండు గీతలూ సరిగ్గా ఎదురెదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉండాలి. లేకపోతే తేడా వచ్చిన పాయింట్ గ్యాప్‌ను కొద్దిగా సవరించి ఎదురెదురుకు తెచ్చుకోండి. ఒక సిలిండర్ ముందూ మరొకటి వెనకా మండే మోటారు ఎప్పటికీ బరువు లాగదు.

పిస్టన్ పైకొన, అంటే టీడీసీ ఎక్కడో కూడా తేల్చుకోండి. అక్కడ పిస్టన్ కాసేపు కదలనట్టే ఉంటుంది కాబట్టి కంటి అంచనా నాలుగైదు డిగ్రీలు తప్పొచ్చు. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు కొనకు 5 మిల్లీమీటర్ల దిగువన ఒక గీత, కొన దాటి మళ్లీ అదే 5 మిల్లీమీటర్ల దిగువకు వచ్చినప్పుడు ఇంకో గీత పెట్టండి. రెంటికీ సరిగ్గా మధ్యది టీడీసీ. ఫ్లైవీల్ అడ్డకొలత 230 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 722, అంటే అంచు మీద ప్రతి 2 మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. మీ పాయింట్ తెరుచుకునే గీత టీడీసీకి ఎన్ని డిగ్రీల ముందుందో టేపుతోనే తెలిసిపోతుంది. దాన్ని మీ మోడల్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. పక్కవాళ్ల మోటారు అంకె పనికిరాదు.

తాడు ఎదురు తన్నడానికి స్టాపర్ స్క్రూతో పాటు ఇంకో కారణం ఉండొచ్చు. త్రాటిల్ పిడి ‘స్టార్ట్’ గుర్తు దాటి ఉంటే ప్లేటు అప్పటికే అడ్వాన్స్‌లో ఉంటుంది. ప్లేటు కింది గ్రీజు గట్టిపడి పిడి వెనక్కి తిప్పినా ప్లేటు రాకపోయినా అంతే. చేత్తో తిప్పి చూడండి, అడ్డం లేకుండా స్టాపర్ నుంచి స్టాపర్ దాకా కదలాలి.

చివరగా కార్బొరేటర్ లింకు. ప్లేటుతో పాటు తిరిగే మరో కామ్ మీద ఒక గీత ఉంటుంది. రోలర్ ఆ గీత దగ్గరికి వచ్చినప్పుడే బటర్‌ఫ్లై (కార్బొరేటర్‌లో గాలి దారి తెరిచే పలక) కదలడం మొదలవ్వాలి. ప్లేటు స్టాపర్ తాకేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. స్పార్క్ సరిగ్గా ఉన్నా బటర్‌ఫ్లై ముప్పాతికే తెరుచుకుంటుంటే మీరు రాసిన లక్షణమే, తక్కువలో బాగుండి పూర్తి త్రాటిల్‌లో లాగకపోవడం, కనిపిస్తుంది.

హుస్సేన్‌సాగర్‌లో మా బోటు ప్రొపెల్లర్ నీటి అడుగున ఇనప చట్రానికి తగిలి మోటారు టక్కున ఆగిపోయింది. షియర్ పిన్ (దెబ్బ తగిలితే ముందు తానే తెగే పిన్) మార్చాం. అప్పటి నుంచి స్టార్ట్ కావడం కష్టంగా ఉంది. (బేగంపేట)

షియర్ పిన్ తన పని తాను చేసింది, అయినా ఫ్లైవీల్ కీ చూడాల్సిందే. క్రాంక్ ఒక్కసారిగా ఆగినా బరువైన ఫ్లైవీల్ ఆగదు, ముందుకు తోసుకుపోతుంది. నట్టు కొంచెం వదులుగా ఉన్నా, టేపర్ (ఫ్లైవీల్ కూర్చునే క్రాంక్ కొన ఏటవాలు భాగం) మీద నూనె ఉన్నా ఆ తోపంతా హాఫ్‌మూన్ కీ మీద పడుతుంది. కీ పూర్తిగా తెగదు, మధ్యలో చిన్న మెట్టులా కోసుకుపోతుంది. తీసి వెలుతురులో పక్కనుంచి చూడండి, గోరు తగిలించినా మెట్టు తెలుస్తుంది. క్రాంక్ టేపర్ అడ్డకొలత 25 మిల్లీమీటర్లయితే ఒక్క మిల్లీమీటరు మెట్టు అంటే దాదాపు నాలుగున్నర డిగ్రీలు.

దీని ఫలితం మీ మోటారు రకాన్ని బట్టి ఉంటుంది. సీడీఐ (పాయింట్లు లేకుండా ఎలక్ట్రానిక్‌గా స్పార్క్ ఇచ్చే) మోటారైతే ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలే ట్రిగ్గర్‌ను (స్పార్క్‌కు సంకేతం పంపే చుట్లను) పనిచేయిస్తాయి కాబట్టి ఫ్లైవీల్ ముందుకు జరిగినంత టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. ప్రమాదకరమైనది ఈ వైపే. పాయింట్ల కామ్ క్రాంక్ మీద విడిగా బిగించి ఉన్న మోటారులో టైమింగ్ మారదు. కానీ పాయింట్ తెరుచుకునే క్షణానికి అయస్కాంతం ఉండాల్సిన చోట ఉండదు కాబట్టి స్పార్క్ నీరసపడుతుంది. పైగా ఫ్లైవీల్ మీది గుర్తులు అబద్ధం చెబుతాయి, టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే లైటు) వేసి ఆ గుర్తుల ప్రకారం సరిచేస్తే ఉన్నది కూడా చెడిపోతుంది.

కీని బాలానగర్‌లో లేత్ మీద ఏదో ఇనుముతో చేయించకండి. కొలత, గట్టిదనం రెండూ కుదరాలి కాబట్టి ఆ మోడల్ కీనే తెప్పించుకోండి. బిగించేటప్పుడు టేపర్ రెండు ముఖాలూ స్పిరిట్‌తో తుడిచి పొడిగా కూర్చోబెట్టాలి, గ్రీజు పూయొద్దు. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది టేపర్ బిగువే, కీ దారి చూపడానికే ఉంది. నట్టును టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకు బిగించండి.

నిమజ్జనం తర్వాత కొన్ని వారాలపాటు ఆ పరిసరాల్లో తిరిగాక ప్రొపెల్లర్ విప్పి షాఫ్టు చుట్టూ బైండింగ్ వైరు, గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకున్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి. వైరు ఆయిల్ సీల్‌ను కోసేస్తే గేర్ ఆయిల్‌లో నీళ్లు చేరతాయి.

రెండు సిలిండర్ల సీడీఐ మోటారు. పావుగంట బాగా నడిచి, వేడెక్కాక ఒక సిలిండర్ ఆగిపోతుంది. చల్లారితే మామూలే. టైమింగ్ వేడికి మారుతుందా? (సికింద్రాబాద్)

టైమింగ్ మారడం కాదు, వేడికి కాయిల్‌లోనో, ట్రిగ్గర్‌లోనో, పవర్ ప్యాక్‌లోనో (స్పార్క్ కరెంటు పంపే ఎలక్ట్రానిక్ డబ్బాలోనో) ఏదో తెగుతోంది. ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, రెండు సిలిండర్లకూ టెస్టర్ పెట్టండి. సీడీఐ స్పార్క్ 10 మిల్లీమీటర్లు దాటాలి. వైరును మాత్రం ఎర్త్ లేకుండా గాలిలో వదలకండి, పవర్ ప్యాక్ పోతుంది. రెండు సిలిండర్లూ ఒకేసారి ఆగితే స్టేటర్‌ను (ఫ్లైవీల్ కింద కరెంటు పుట్టించే చుట్లను), కిల్ స్విచ్ వైరును చూడాలి. మీకు ఒక్కటే ఆగుతోంది కాబట్టి ప్లగ్గులు తీసి, రెండు కాయిళ్లకు వచ్చే ప్రైమరీ వైర్లు అటుదిటు మార్చి తాడు లాగండి. ఇది పరీక్ష వరకే, అలా మార్చి మోటారు నడపొద్దు. అదే కాయిల్ చచ్చి ఉంటే తప్పు కాయిల్‌ది. ఇప్పుడు రెండో కాయిల్ ఆగి మొదటిది పనిచేస్తే తప్పు ప్యాక్‌లోనో ట్రిగ్గర్‌లోనో ఉంది. ట్రిగ్గర్ రెండు చుట్ల ఓమ్‌లు చల్లగా ఒకసారి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి ఒకసారి కొలిచి చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ట్రిగ్గర్ బాగుంటే ఇక మిగిలింది ప్యాకే. దాని ఖరీదు ఎక్కువ, కాబట్టి దాన్ని చివర్లోనే అనుమానించండి.

టైమింగ్ లైట్ వేసినప్పుడు గుర్తు ఒకచోట నిలవకుండా గంతులేస్తుంటే ట్రిగ్గర్ బుష్ అరిగి ఊగుతోందేమో, అయస్కాంతం ఊడిందేమో, పై క్రాంక్ బేరింగ్‌లో ఆట ఉందేమో ఈ వరుసలో చూడండి.

ఇంటి దగ్గర డ్రమ్ములో పెట్టి టైమింగ్ లైట్‌తో ఫుల్ అడ్వాన్స్ చూడొచ్చా? (నాచారం)

200 లీటర్ల డ్రమ్ములో ఐడిల్ టైమింగ్ చూడొచ్చు. నీళ్లు ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలక దాటాలి, లేకపోతే పంపు ఇంపెల్లర్ పొడిగా తిరిగి నిమిషాల్లో కాలిపోతుంది. పూర్తి త్రాటిల్ మాత్రం వద్దు, నీళ్లన్నీ బయటికి చిమ్మి ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది. ఫుల్ అడ్వాన్స్‌ను పైన చెప్పిన మీటర్ పద్ధతిలో ఆపి ఉంచే చూడొచ్చు. సీడీఐ అయితే ప్లగ్గులు తీసి, వైర్లు ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా ఉంచి స్టార్టర్ తిప్పుతూ లైట్ వేస్తారు. అయితే అప్పుడు కనిపించే అంకె, నడుస్తున్నప్పటి అంకె ఒకటి కావు. కొన్ని జాన్సన్, ఎవిన్‌రూడ్ మోడళ్లలో స్టార్టర్ మీద 4 డిగ్రీలు తక్కువగా పెట్టాలి. మాన్యువల్‌లోని అంకె ఏ పద్ధతికి ఇచ్చారో చదివి నిర్ధారించుకోండి. లైట్‌కు కరెంటు మోటారు నుంచి తీసుకోకుండా విడి 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి.

ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుకు టైమింగ్ మార్చాలా? ఆయిల్ ఎంత కలపాలి? (కూకట్‌పల్లి)

టైమింగ్ మార్చాల్సిన పని లేదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో మిశ్రమం పలచబడుతుంది కాబట్టి ప్లగ్గు రంగు చూసుకోండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే కార్బొరేటర్ జెట్లు శుభ్రం చేయించండి. అసలు ఇబ్బంది పాత రబ్బరుతో. పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం మెత్తబడి చిట్లుతాయి, వాటిని ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, వానాకాలం సగం ఖాళీ ట్యాంకులో నెలల తరబడి ఉంచితే నీళ్లు అడుగున విడిపోతాయి. మోటారు పక్కన పెట్టేముందు పైపు ఊడదీసి కార్బొరేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా నడపండి.

50:1 అని రాసి ఉన్న మోటారుకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, పది లీటర్ల ట్యాంకుకు 200. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఔట్‌బోర్డ్ ఆయిలే వాడండి. బైకుల 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది, దాని బూడిద పిస్టన్ మీద పేరుకుని నిప్పుకణంలా ఎర్రబడుతుంది. అప్పుడు పెట్రోలు స్పార్క్ కంటే ముందే అంటుకుని, టైమింగ్ సరిగ్గా ఉన్న మోటారు కూడా అడ్వాన్స్ ఎక్కువైనట్టే ప్రవర్తిస్తుంది.

పాత జాన్సన్ మోటారుకు విడిభాగాలు ఇంకా దొరుకుతాయా? (మల్కాజ్‌గిరి)

తయారుచేసిన ఓఎంసీ కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది, ఆ తర్వాత జాన్సన్, ఎవిన్‌రూడ్ పేర్లు చేతికొచ్చిన కెనడా కంపెనీ బీఆర్‌పీ 2020లో ఔట్‌బోర్డుల తయారీ ఆపేసింది. అయినా పాయింట్లు, కండెన్సర్లు, కాయిళ్లు, ఇంపెల్లర్లు ఇతర కంపెనీలు చేస్తూనే ఉన్నాయి. ఆర్డరిచ్చేటప్పుడు హార్స్‌పవర్ చెబితే చాలదు, క్లాంప్ బ్రాకెట్ మీది రేకు పలకపై ఉన్న మోడల్ నంబరు పూర్తిగా పంపండి. పలక చెరిగిపోయి ఉంటే దాని మీద పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అంకెలు పైకి తేలతాయి. బేరింగులు, ఆయిల్ సీళ్లయితే పాతదాని మీది నంబరుతో రాణీగంజ్‌లో అడిగి చూడండి, చాలావరకు అక్కడే దొరుకుతాయి.